నేవీ బ్లూ

చిట్టినగర్ సొరంగం మీది కొండకి
నూట పన్నెండు మెట్లు.
ఆ పైన మా ఇల్లు.
వెనక గోడ మేం కట్టింది కాదు, కొండే.
రాయికి కిటికీ పెట్టలేం కదా.
ఎడమన వాళ్ల గోడ, కుడిన వీళ్ల గోడ,
ఎదురింటాయన రెండో అంతస్తు లేపాక
గుమ్మంలోంచి వచ్చే కాస్త వెలుగూ
వాళ్ల మెట్ల కిందే ఆగిపోయింది.

బెజవాడలో ఎండకి కరువా!
రోహిణిలో రోళ్లు పగిలే ఊరు.
రేకు మీద అప్పడాలు కాలతాయి.
రేకు కింద మాత్రం
పట్టపగలు పన్నెండింటికి
బల్బు వేసుకుని కూచుంటాం.

నేను చీరలకి ఫాల్ కుడతాను.
వన్‌టౌన్ కొట్లవాళ్లు మూటకట్టి పంపుతారు.
పసుపు బల్బు కింద రంగులు అబద్ధమాడతాయి.
చిలకపచ్చ తానే నెమలిపచ్చనంటుంది,
నలుపూ నేవీ బ్లూ అయితే
తల్లి కూడా పోల్చలేని కవలలు.
ఓ పెళ్లివారి ముదురు నీలం పట్టుచీరకి
నల్ల ఫాల్ వేసి పంపాను.
"శుభమా అని పెళ్లయితే నలుపేంటమ్మా!"
షావుకారు చీర నా ముందు కుప్పగా పడేశాడు.
విప్పడానికి ఒక రాత్రి,
మళ్లీ కుట్టడానికి ఒక పగలు,
కూలి సున్నా.
నా కళ్లు పోయాయనుకున్నా.

సువర్ణరాజు స్టేషన్లో ప్లాట్‌ఫారాలు ఊడుస్తాడు.
"కళ్లు కాదు పిన్నీ, కప్పు" అన్నాడు.
ఆదివారం ప్రార్థన అయ్యాక
సీసా ఒకటి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.
రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా,
ఏ రైల్లో ఎవరు తాగి పడేశారో.
లేబులు గీకి, ఇసుకతో తోమి
గుడ్డలో వడగట్టిన నీళ్లు నింపాడు.
మా ఇంట్లో నీళ్లంటే మాటలా?
ఒక్కో బిందే నూట పన్నెండు మెట్లు.
"ఎక్కడికీ పోవులే, తాగేది ఇల్లేగా" అని నవ్వాడు.
నాచు పట్టకుండా రెండు మూతల బ్లీచింగ్.
రేకుకి గుండ్రంగా కన్నం కోస్తుంటే
అప్పు చేసి వేయించిన రేకు,
నా గుండెలో కోసినట్టే ఉంది.
సగం పైన ఎండలో, సగం కింద ఇంట్లో
సీసా వేలాడింది.

"ఎవరే వచ్చింది?" అంది దానమ్మత్త మంచంలోంచి.
రెండు కళ్లకీ శుక్లాలు.
మనుషుల్ని అడుగుల చప్పుడుతో పోల్చుకుంటుంది.
ఎవరూ రాలేదత్తా అన్నాను.
"అబద్ధం. తెల్లచీర కట్టుకుని
ఎవరో నిలబడ్డారు."

ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు.
కొండ గోడలో ఒక గులాబి చార ఉందని తెలీదు.
బూజు ఇంత ఉందనీ తెలీదు,
మొదటి మధ్యాహ్నమంతా చీపురుకే సరిపోయింది.
ఆ తర్వాత డబ్బాలో దారపు రీళ్లన్నీ తీసి
సీసా కింద వరసగా పెట్టాను.
నలుపు నల్లగా ఉంది.
నేవీ బ్లూ,
మబ్బు పట్టిన సాయంత్రం
బ్యారేజీ వెనక ఆగిన కృష్ణలా ఉంది.

జూన్‌లో మొదటి వానకే సీసా మెడ దగ్గర కారింది.
పక్కింటి ఫాతిమున్నీసా తొంగిచూసి
"చెప్పానా?" అంది.
తపేలా పెట్టుకుని రాత్రంతా చుక్కలు లెక్కపెట్టాను.
సువర్ణరాజు తారు తెచ్చి మళ్లీ పూశాడు.
వారం తిరక్కుండా ఆవిడే వచ్చి
కొంగు చాటునుంచి ఖాళీ సీసా తీసింది.
"మా వంటింట్లోకీ ఒకటి..."

ఇప్పుడు మబ్బు అడ్డొస్తే సూది ఆగుతుంది,
తొలిగితే కదులుతుంది.
చీకటి పడ్డాక సీసా ఉత్త నీళ్లే.
బల్బు వేసి అన్నాలు తింటాం.
రంగుల పని పెట్టుకోను.

ఎండ సరిగ్గా నెత్తినున్న వేళ
దానమ్మత్త మంచం సీసా కిందికి జరిపించుకుంటుంది.
"ఇవాళ ఏం కుడుతున్నావే?"
చీర చేతికిస్తాను.
మొహానికి దగ్గరగా పెట్టుకుని, తడిమి,
"నీలం" అంటుంది.
రోజూ అదే మాట.
ఒక్కోసారి
నిజంగానే నీలం.